సన్నబడిన చోటే గట్టిదనం: తీగ పక్షులు, గాజు చేపలు

చిన్న ఊళ్ల కళా ప్రదర్శనల్లో తీగ పక్షులు, గాజు చేపలు తరచూ ఒకే గదిలో కనిపిస్తాయి. పక్షులు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. చేపలు కిటికీ పక్కన బల్ల మీద, వెలుతురు తగిలే చోట ఉంటాయి. పక్కన అంటించిన చీటీ మీద కళాకారుల పేరు, ధర, ఆ కింద 'ఉక్కు తీగ' అనో 'గాజు' అనో ఒక ముక్క ఉంటుంది. అసలు కథంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందని నాకనిపిస్తుంది. తీగను చల్లగా ఉండగానే చేత్తో వంచుతారు. గాజును వేడి మీద తప్ప వంచలేరు. తీగ వంగుతుంది కానీ ఒక పట్టాన విరగదు. చల్లారిన గాజు విరుగుతుంది కానీ వంగదు. ఇంత ఎడమొహం పెడమొహంగా ఉన్న ఈ రెండూ ఒక్క పనికి మాత్రం సమానంగా ఒప్పుకుంటాయి. పట్టుకుని లాగితే తెగకుండా సన్నగా, మైళ్ల కొద్దీ సాగుతాయి. లోహం తీగ అవుతుంది, గాజూ తీగ అవుతుంది. ఎందుకు తెగవన్న ప్రశ్నకు రెండింటి జవాబూ ఒకటే. ఆ జవాబుకు చేరే దారులే వేరు.

ముందు పక్షి సంగతి. ఇనుప సామాన్ల కొట్లో దొరికే జీఐ తీగ ఒక మూరెడు తీసుకుని మధ్యకు వంచండి. సులువుగానే వంగుతుంది. ఇప్పుడు దాన్ని తిన్నగా చేయబోయి చూడండి. వంచిన మలుపు మొండికేస్తుంది. దానికి అటూ ఇటూ ఉన్న తీగ వంగి, ఒక వంపు కాస్తా మూడు వంపులవుతుంది. అదే మలుపును పదే పదే ఆడిస్తే చివరికి పుటుక్కున తెగుతుంది. తీగతో బొమ్మలు చేసేవాళ్ల వేళ్లకు ఇది మొదట్లోనే అర్థమైపోతుంది. వంగిన చోటు వంగని చోటు కన్నా గట్టిది. అందుకే కొంగ మెడ లాంటి వంపును తడబడకుండా ఒకే ఊపులో తెస్తారు. దిద్దుబాట్లు ఎక్కువైతే అక్కడ గీత గతుకులు పడుతుంది. మంచి తీగ పక్షిని చూసినప్పుడు మనకు కలిగే హాయిలో సగం ఆ ఒక్క ఊపుదే.

వంగిన చోటు ఎందుకు గట్టిపడాలి? లోహంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. లోహం వంగడమంటే ఒక వరుస పక్క వరుస మీదుగా జరగడం. వరుస మొత్తం ఒకేసారి జరగాలంటే ఎంత బలం కావాలో 1926లో రష్యన్ భౌతిక శాస్త్రవేత్త యాకొవ్ ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. లెక్కలో వచ్చిన బలానికీ, మెత్తని లోహ స్ఫటికాన్ని నిజంగా వంచడానికి చాలే బలానికీ వేల రెట్ల తేడా వచ్చింది. లెక్కే నిజమైతే మోటు రాగి తీగను వేళ్లతో వంచడం కుదరని పని. ఈ చిక్కుముడిని 1934లో ముగ్గురు, ఎవరికి వారుగా విప్పారు. ఒకరు ఇంగ్లండుకు చెందిన జి.ఐ. టేలర్, మిగతా ఇద్దరు హంగేరీలో పుట్టిన ఎగాన్ ఒరొవాన్, మైకేల్ పొలాన్యీ.

వాళ్లు కనిపెట్టింది ఇది. పెద్ద జంపఖానాను పరిచిన చోట నుంచి జానెడు పక్కకు లాగాలంటే నలుగురు పట్టాలి. అదే ఒక అంచున చిన్న ముడత లేపి, ఆ ముడతను కాలితో అవతలి అంచు దాకా నెట్టుకుంటూ పోతే ఒక్కరే జరపగలరు. లోహంలోనూ వరుసల మధ్య అక్కడక్కడా ఒక సగం వరుస ఇరుక్కుని, అలాంటి ముడత ఒకటి ఏర్పడి ఉంటుంది. దాన్ని డిస్‌లొకేషన్ అంటారు. తీగను వంచినప్పుడు ఆ ముడత ఒక్కొక్క పరమాణువునూ దాటుకుంటూ పాకుతుంది. అది అవతలి చివరకు చేరేసరికి వరుసంతా ఒక మెట్టు జరిగిపోయి ఉంటుంది. అంటే లోహానికి వంగే గుణం వచ్చింది దాని అమరికలో ఉన్న లోపాల వల్లే.

1956లో కేంబ్రిడ్జ్‌లోనూ జెనీవాలోనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ లోపాలు గీతలుగా కంటికి కనిపించాయి. కాల్చి మెత్తబరిచిన లోహం ఒక ఘన సెంటీమీటరు తీసుకుంటే, అందులోని ఈ గీతలన్నిటి పొడవూ కలిపి పది కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది. బాగా వంచి సాగదీసిన లోహంలోనైతే అదే ఘన సెంటీమీటరులో పది లక్షల కిలోమీటర్లు దాటుతుంది. చంద్రుడు మనకున్న దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. గోరంత ఉక్కు ముక్కలో చంద్రుడి దాకా వెళ్లి వచ్చేంత గీత! వంచే కొద్దీ ఈ గీతలు పెరుగుతాయి, పెరిగే కొద్దీ ఒకదాని దారికి ఒకటి అడ్డం పడతాయి. పాకడానికి సందు లేక నిలిచిపోతాయి. చేతికి తెలిసే మొండితనం అదే. దారులన్నీ మూసుకుపోయాక ఇంకా వంచితే మిగిలేది పగులే.

దీనికి విరుగుడు నిప్పు. ఎర్రగా కాలిస్తే పరమాణువులు మళ్లీ కదిలి, చిక్కులు లేని కొత్త వరుసలు కట్టుకుంటాయి. కట్టడాల దగ్గర ఇనుప కడ్డీలను ముడివేసే నల్లని బైండింగ్ వైరు అంత మెత్తగా ఉండేది అందుకే. సాగదీసిన తర్వాత దాన్ని కొలిమిలో కాల్చి చల్లారుస్తారు. పక్షి రెక్కలో ఈకలు అల్లడానికి ఆ వైరు హాయిగా ఉంటుంది. కానీ అంతే హాయిగా తర్వాత నలిగిపోతుంది కూడా. కాళ్లకు మోటు తీగ కావాలి. ఇక్కడొక లెక్క గుర్తుంచుకోదగ్గది. గుండ్రని తీగ వ్యాసం రెట్టింపైతే దాని బిరుసు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. సగానికి తగ్గితే పదహారో వంతే మిగులుతుంది. అందుకే ఒకే ఉక్కుతో గాలికి ఊగే ఈకనూ చేయొచ్చు, బరువు మోసే కాలినీ చేయొచ్చు. అల్యూమినియం బిరుసు ఉక్కులో దాదాపు మూడో వంతే. వేలాడే పక్షికి అది బాగుంటుంది, ఒంటికాలి మీద నిలబడాల్సిన కొంగకు కాదు.

తీగతో చేసిన బొమ్మను శిల్పమని ప్రపంచం చేత ఒప్పించిన అలెగ్జాండర్ కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగు. 1919లో అమెరికాలోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పట్టా పుచ్చుకుని, 1926లో పారిస్ చేరి, తీగతో సర్కస్ బొమ్మలూ మనుషుల ముఖాలూ చేయడం మొదలుపెట్టాడు. ఏ తీగ ఊగాలో ఏది ఊగకూడదో తెలిసిన చేయి అది.

తీగ పక్షిలో నిజానికి ఉన్నదెంత? కొన్ని గీతలు, మిగతాదంతా గాలి. అయినా చూడగానే పిచ్చుక అంటాం, కాకి అంటాం. ఇందులో కళాకారుడి పనితనంతో పాటు మన కంటి వెనక జరిగే పనీ ఉంది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు 1959 నుంచి పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన భాగాన్ని పరిశీలించి, అక్కడి కణాలు వెలుగు మచ్చల కన్నా ఫలానా వాలులో ఉన్న గీతలకూ అంచులకూ గట్టిగా స్పందిస్తాయని చూపించారు. దానికే 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1988లో అర్వింగ్ బీడర్‌మన్ బృందం జరిపిన ప్రయోగాల్లో జనం ఒక వస్తువును రంగుల ఫొటోలో ఎంత త్వరగా గుర్తుపట్టారో, ఉత్త గీతల బొమ్మలోనూ దాదాపు అంతే త్వరగా గుర్తుపట్టారు. అంచులు చాలు, నింపే పని మెదడు చూసుకుంటుంది.

మన దగ్గర తీగతో పక్షుల్ని చేసే పనికి పేరున్న ఊరు కరీంనగర్. అక్కడి వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెమలి ఆకారంలో అత్తరుదానులు, పెట్టెలు, పళ్లేలు అన్నీ వెంట్రుకంత సన్నని వెండి తీగతోనే చేస్తారు. ముందు మోటు తీగతో ఆకారం చట్రం కడతారు. రెండు సన్న తీగలను కలిపి మెలివేసి, చదును చేసి, చుట్టలుగానూ ఆకులుగానూ వంచి ఆ చట్రంలో నింపుతారు. తర్వాత టంకంతో అతుకుతారు. ఆ సన్న తీగ ఎలా వస్తుందన్నదే మన కథకు ముఖ్యం. ఉక్కు పలకకు వరుసగా, ఒకదాని కన్నా ఒకటి చిన్నవైన రంధ్రాలు ఉంటాయి. కంసాలులు దాన్ని కమ్మచ్చు అంటారు. తీగ కొసను చెక్కి పెద్ద రంధ్రంలోంచి దూర్చి, పట్టకారుతో పట్టి లాగుతారు. ఆ తర్వాత దానికన్నా చిన్నదాంట్లోంచి, ఆపైన ఇంకా చిన్నదాంట్లోంచి. కొన్ని లాగుళ్లయ్యాక వెండి బిరుసెక్కుతుంది. అప్పుడు నిప్పు మీద పెట్టి, రంగు మారే దాకా కాల్చి, మళ్లీ లాగుతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తీగ అంతటా ఒకే మందంలో ఉండదు. ఎక్కడో ఒక చోట రవ్వంత సన్నగా ఉంటుంది. లాగినప్పుడు ఆ సన్నని చోటుకే ఎక్కువ భారం పడాలి, అదే ఇంకా సన్నబడాలి, అక్కడే తెగాలి. కానీ తెగదు. ఎందుకంటే అది కాస్త సాగగానే దానిలో డిస్‌లొకేషన్లు చిక్కుపడి ఆ చోటు గట్టిపడుతుంది. గట్టిపడ్డ చోటును వదిలి, సాగే వంతు పక్కనున్న మెత్తని చోటుకు వెళుతుంది. అదీ సాగి గట్టిపడుతుంది. అలా వంతులవారీగా తీగంతా సమానంగా సన్నబడుతుంది. ఈ గట్టిపడటం సన్నబడటంతో సమానంగా పరుగెత్తలేకపోయిన క్షణాన తీగ నడుము కోసుకుపోయినట్లయి తెగుతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఫ్రెంచి ఇంజనీరు అర్మాన్ కాన్సిదేర్ 1885లోనే సూత్రంగా చెప్పాడు. కంసాలి చేయి మాత్రం ఏ సూత్రమూ లేకుండానే, పట్టకారులో తెలిసే బిగువును బట్టి, ఇక కాల్చాలని ముందే పసిగడుతుంది. ఆ చేతిని నేను ఏ ప్రయోగశాలకూ తక్కువ కట్టలేను.

ఇక చేప. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక గాజు చేప ఉంది. జానెడుకు తక్కువే, 14 సెంటీమీటర్ల పైచిలుకు. ఈజిప్టులో అఖెనాతెన్ రాజధానిగా కట్టిన అమర్నా నగరంలో, ఒక ఇంటి నేల కింద, 1920-21 తవ్వకాల్లో దొరికింది. వయసు 3,300 ఏళ్లకు పైనే. నీలి ఒళ్లు, దాని మీద పసుపు, తెలుపు రంగుల్లో అలలు అలలుగా పొలుసులు. అది బొమ్మ కాదు, సీసా. తెరిచిన నోరే దాని మూతి. గాజును గొట్టంతో ఊదే విద్య అప్పటికి పుట్టలేదు, అది రావడానికి ఇంకా వెయ్యేళ్లకు పైగా పడుతుంది. మట్టీ పేడా కలిపి చేసిన ముద్దను ఒక కడ్డీకి తొడిగి, దాని చుట్టూ కరిగిన గాజును పట్టించారు. పైన రంగు గాజును ధారలుగా చుట్టి, ఇంకా మెత్తగా ఉండగానే మొనదేలిన పనిముట్టుతో ఒక్కో గీతనూ పైకీ కిందికీ లాగారు. అదే పొలుసుల అలగా మారింది. చల్లారాక లోపలి మట్టిని గీకి తీసేశారు. గాజు ఎంతసేపు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసిన మనిషి గీసిన గీతలవి.

గాజులో వరుసలు లేవు. ఇసుకలోని సిలికా 1,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. సోడా కలిపితే ఆ వేడి బాగా తగ్గుతుంది, సున్నం కలిపితే వచ్చిన గాజు నీటికి కరగకుండా నిలుస్తుంది. మనం రోజూ వాడే గాజంతా దాదాపు ఈ మూడే. కరిగినప్పుడు పరమాణువులు చెల్లాచెదురుగా ఉంటాయి. చల్లారుతున్నప్పుడు వరుసలు కట్టుకునే తీరిక దొరక్క, ఉన్నవి ఉన్నచోటే బిగుసుకుపోతాయి. ఈ అల్లిబిల్లి అల్లికను 1932లో విలియం జకారియాసెన్ కాగితం మీద గీసి చూపించాడు. ఎనభై ఏళ్ల తర్వాత, 2012లో, అమెరికాలోని కార్నెల్, జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయాల వాళ్లు గ్రాఫీన్ అనే పలచని కార్బన్ పొరను తయారుచేస్తుండగా అనుకోకుండా కొన్ని పరమాణువుల మందమే ఉన్న గాజు పొర ఏర్పడింది. మైక్రోస్కోపులో చూస్తే జకారియాసెన్ గీసిన బొమ్మే కనిపించింది.

వరుసలే లేనప్పుడు జరగడానికి ముడతలూ ఉండవు. అందుకే చల్లని గాజు వంగదు. పాత చర్చిల కిటికీ అద్దాలు కింది వైపు మందంగా ఉండటం చూసి గాజు శతాబ్దాలుగా మెల్లగా కారుతోందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎద్గార్ జనోత్తో 1998లో లెక్క వేసి చూపించాడు. మామూలు వేడిలో కంటికి కనిపించేంత కారడానికి విశ్వం వయసు కూడా చాలదు. ఆ అద్దాలు తయారైనప్పుడే హెచ్చుతగ్గులుగా వచ్చాయి.

గాజుతో చేపను చేయడం ఎందుకు కష్టమో ఇప్పుడు చెప్పొచ్చు. కొలిమిలోంచి కడ్డీ కొసన తీసిన గాజు ముద్ద 1,000 డిగ్రీల పైన కారిపోతుంటుంది. తిప్పుతూనే ఉండాలి. 700 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి దాని చిక్కదనం వేల రెట్లు పెరిగి, పనిముట్టుకు లొంగడం మానేస్తుంది. ఈ రెండింటి మధ్య దొరికే వ్యవధిలోనే ఒళ్లు సాగదీయాలి, తోకను పట్టకారుతో నొక్కి చదును చేయాలి, రెక్కలు గిల్లి లాగాలి, కన్ను అంటించాలి. చేప ఒళ్లు మందం, రెక్కలు పలచన. పలచని రెక్క క్షణాల్లో చల్లారిపోతుంది, ఒళ్లింకా ఎర్రగానే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ మంటలో చూపిస్తూ రెండింటినీ ఒక వేడి మీదకు తేవాలి. అశ్రద్ధ చేస్తే రెక్క మొదట్లోనే పగులుతుంది. కంటికి వాడే రంగు గాజుదీ ఇదే పేచీ. వేడికి వ్యాకోచించే తీరు ఒంటి గాజుతో కలవకపోతే, ఇవాళ కాకపోయినా రేపైనా కన్ను చుట్టూ గీత పడుతుంది.

బొమ్మ పూర్తయ్యాక మిగిలే పనే అన్నిటికన్నా ఓపిక కోరేది. బయట వదిలేస్తే పై పొర ముందు బిగుస్తుంది, లోపలిది తర్వాత బిగుస్తూ పై పొరను తనలోకి లాగుతుంది. ఆ పెనుగులాట గాజులో శాశ్వతంగా ఉండిపోతుంది. దాన్ని పోగొట్టాలంటే 500 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న పెట్టెలో పెట్టి, వేడి అంతటా సమానమయ్యే దాకా ఉంచి, ఆపైన రాత్రంతా మెల్లగా చల్లార్చాలి. మందం రెట్టింపైతే చల్లార్చే కాలం నాలుగింతలవుతుంది. లోహాన్నీ కాల్చే చల్లారుస్తారు, గాజునూ కాల్చే చల్లారుస్తారు. లోహంలో పోయేది చిక్కు, గాజులో పోయేది పెనుగులాట.

ఓపిక ఎంత దాకా వెళ్లగలదో చూడాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే ఊరికి వెళ్లాలి. జనాభా పదివేల పైచిలుకు. ఊరి పేరే పెట్టుకున్న గాజు కంపెనీ 1951లో నెలకొల్పిన గాజు మ్యూజియంలో ఒక పెద్ద గాజు పళ్లెం నిలబెట్టి ఉంటుంది, వ్యాసం 200 అంగుళాలు. కాలిఫోర్నియాలోని పాలొమార్ టెలిస్కోపు అద్దం కోసం 1934 మార్చిలో పోసి, అచ్చులోని భాగాలు ఊడి తేలడం వల్ల పనికిరాకుండా పోయిన పళ్లెం అది. అదే ఏడాది డిసెంబరులో రెండోది పోశారు. బరువు 20 టన్నులు. దాన్ని రోజుకు ఒక్క డిగ్రీ కన్నా తక్కువ చొప్పున, దాదాపు పది నెలల పాటు చల్లార్చారు. మధ్యలో, 1935 జులైలో, పక్కనున్న షెమంగ్ నది పొంగి, చల్లార్చే యంత్రాలకు కరెంటు ఆగిపోయింది. అయినా పళ్లెం నిలిచింది. 1936లో రైలెక్కి కాలిఫోర్నియా చేరింది. ఇంత కష్టం ఆకారం కోసం కాదు, కేవలం చల్లారడం కోసం!

గాజును తీగగా లాగే పనికి మన ఊరొకటి ప్రపంచంలోని పురావస్తు శాస్త్రవేత్తలకు పాఠం చెప్పింది. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో క్రీస్తుకు పూర్వం నుంచే తయారై, ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా దాకా ఓడల్లో వెళ్లిన చిన్న చిన్న రంగు గాజు పూసలున్నాయి. వాటిని ఎలా చేశారన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. ఒక్కో పూసకూ రంధ్రం పొడిచి ఉంటే అన్ని లక్షల పూసలు సాధ్యం కావు. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ పాపానాయుడుపేటలో అదే పద్ధతి ఇంకా బతికి ఉండటం చూశాడు. పొడవాటి ఇనుప గొట్టం కొసన గాజును పెద్ద మొగ్గలా పేర్చి, నడిమి గుండా బోలు చేసి, కొలిమిలో పెడతారు. అవతలి వైపు కూర్చున్న మనిషి ఆ మొగ్గ కొసను కొక్కెంతో అందుకుని, చేతులు మార్చుకుంటూ లాగుతూ పోతాడు. సన్నని గాజు గొట్టం ఆగకుండా వస్తూనే ఉంటుంది. దాన్ని ముక్కలుగా విరిచి, కత్తి మీద పూసలుగా నరికి, రంధ్రాల్లోకి బూడిద పట్టించి మళ్లీ కాలుస్తారు. బూడిద వల్ల రంధ్రం మూసుకుపోదు, వేడి వల్ల పదును అంచులు గుండ్రబడతాయి.

అంత సన్నగా లాగినా ఆ గాజు ధార ఎందుకు తెగదు? కుళాయి కింద సన్నగా పడే నీటిధార కాసేపటికే బొట్లుగా విడిపోతుంది. సన్నబడిన చోటును తలతన్యత ఇంకా నొక్కి తెంపేస్తుంది. గాజులో అలా జరగదు. ఎక్కడ సన్నబడిందో అక్కడ వేడి త్వరగా పోతుంది. వేడి పోయిన చోట చిక్కదనం వేల రెట్లు పెరిగి, గాజు బిగుసుకుంటుంది. సాగే వంతు పక్కనున్న మెత్తని చోటుకు వెళుతుంది. కరీంనగర్ వెండి తీగలో జరిగిందే ఇక్కడా జరిగింది. సన్నబడిన చోటే గట్టిపడింది. లోహాన్ని గట్టిపరిచింది లోపలి చిక్కు, గాజును గట్టిపరిచింది చల్లదనం. ఈ గుణం లేని పదార్థాన్ని ఎంత నేర్పున్న చేయీ తీగ చేయలేదు.

మొగ్గలో పెట్టిన బోలు, వందల రెట్లు సన్నబడ్డాక కూడా పూస నడిమిలో రంధ్రంగా మిగలడం నాకు ఈ కథంతటిలోకీ ఇష్టమైన సంగతి. సాగేటప్పుడు గాజు తనలోని అమరికను చెదరనివ్వదు, మొత్తం ఆకారాన్నే సన్నబరుస్తుంది. మన ఇంటర్నెట్ నడిచే ఆప్టికల్ ఫైబర్ పుట్టిందీ ఈ గుణం మీదే. నడిమిన ఒక రకం గాజు, చుట్టూ ఇంకో రకం గాజు పెట్టి లావుపాటి కడ్డీ చేసి, కొలిమిలో కరిగించి లాగితే, వెంట్రుకంత ఫైబర్‌లోనూ ఆ రెండు పొరలూ అదే నిష్పత్తిలో నిలుస్తాయి. కిలోమీటరు దాటాక కూడా ఒక శాతం వెలుగు మిగిలేంత స్వచ్ఛమైన ఫైబర్‌ను 1970లో మొదట లాగింది రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్జ్. ఆ ముగ్గురూ పనిచేసింది ఇందాక చెప్పిన కార్నింగ్ కంపెనీలోనే.

సన్నని గాజు పెళుసని మనం అనుకుంటాం. 1920ల మొదట్లో ఇంగ్లండులో ఎ.ఎ. గ్రిఫిత్ గాజు పోగులను లాగి, తెంపి చూశాడు. మిల్లీమీటరు మందం పోగు కన్నా, అప్పుడే లాగిన అతి సన్నని పోగు ప్రతి చదరపు మిల్లీమీటరుకూ దాదాపు 20 రెట్లు ఎక్కువ బరువు మోసింది. గాజును విరిచేది దాని పై పొర మీది కంటికి కనిపించని గీరలు. సన్నని, తాజా పోగు మీద పెద్ద గీరకు చోటే లేదు. గాజు చేపను కొన్నవాళ్లు దాన్ని ఇసుక రేణువుల మీద రాపిడి పెట్టకుండా చూసుకోవడం మంచిదనడానికి కారణమిదే.

తీగా గాజూ నేరుగా కలిసిన చోటు మన ఇళ్లలోనే ఉండేది. పాత బల్బు. గాలి చొరబడకుండా గాజులోంచి కరెంటు తీగ లోపలికి వెళ్లాలి. రాగి వేడికి మామూలు గాజు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, గాజును పగలగొట్టేస్తుంది. గాజుతో సమానంగా పెరిగి తరిగే లోహం ప్లాటినం. అందుకే ఎడిసన్ కాలపు బల్బుల్లో ఆ కాస్త ముక్క ప్లాటినమే ఉండేది. 1910ల తొలి ఏళ్లలో కాలిన్ ఫింక్ ఇనుము, నికెల్ మిశ్రమానికి రాగి తొడుగు వేసి చవకైన తీగ తయారుచేశాడు. బల్బు సామాన్యుడికి అందిన దాంట్లో ఆ తీగకూ వాటా ఉంది.

పక్షిని తీగతోనూ చేపను గాజుతోనూ చేయాలన్న ఊహ వట్టి సరదా కాదనడానికి ప్రకృతిలోనే సాక్ష్యాలున్నాయి. రాబందు రెక్కలోని ఒక ఎముకను నిలువునా కోస్తే లోపల ఖాళీ. ఆ ఖాళీలో ఏటవాలుగా అటూ ఇటూ ఆనించిన సన్నని ఎముక కడ్డీలు ఉంటాయి. అవి ఇనుప వంతెనల్లో ఇంజనీర్లు వాడే త్రికోణాల అమరికతో సరిపోతాయని డార్సీ థాంప్సన్ 1917లో తన 'ఆన్ గ్రోత్ అండ్ ఫార్మ్' పుస్తకంలో బొమ్మతో చూపించాడు. ఇక గాజు చేప అన్న పేరున్న చేపలు మన దేశపు నీళ్లలో నిజంగానే ఉన్నాయి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి రాసిన పుస్తకంలో వర్ణించిన చిన్న చేప ఒకటి, ఇప్పుడు పరాంబాసిస్ రంగా అంటారు, ఒంట్లోంచి వెన్నెముక కనిపించేంత పారదర్శకం. రంగు కణాలు తక్కువ, కండలో వెలుగును చెదరగొట్టే తేడాలు తక్కువ. వెలుగును వంచే గుణంలో ఆ కండ నీటికి దగ్గరగా ఉంటుంది, అందుకే నీళ్లలో కలిసిపోతుంది. బొమ్మ చేప సంగతి దీనికి తలకిందులు. గాలి వక్రీభవన గుణకం 1, గాజుది దాదాపు 1.5. ఆ తేడా వల్లే అంచుల్లో వెలుగు విరిగి, చేప మెరుస్తుంది. నీళ్లలో ముంచితే, నీటి గుణకం 1.33 కాబట్టి, ఆ మెరుపులో చాలా వరకు పోతుంది.

గాజు చేపను కొనేవాళ్లకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఒత్తిడికి లోనైన గాజు ధ్రువిత కాంతిలో, అంటే ఒకే తలంలో కంపించే వెలుగులో, రంగులు చూపుతుందని స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1815 ప్రాంతంలో గమనించాడు. ఇప్పుడు దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లని పేజీ తెరవండి. ఆ తెర నుంచి వచ్చేది ధ్రువిత కాంతే. పోలరాయిడ్ చలువ కళ్లద్దాన్ని కంటి ముందు పట్టుకుని, తెర నల్లబడే దాకా తిప్పండి. ఇప్పుడు చేపను తెరకూ కళ్లద్దానికీ మధ్యకు తీసుకురండి. బాగా చల్లార్చిన చేప ఒళ్లంతా చీకటిగానే ఉంటుంది. తోక మెడలోనో, రెక్క మొదట్లోనో, కంటి చుట్టూనో తెల్లని మచ్చలు, రంగు పట్టీలు కనిపిస్తే అక్కడ పెనుగులాట మిగిలి ఉందన్నమాట. అలాంటి చేపను వేడినీళ్లతో కడగకూడదు, ఎండ నేరుగా పడే కిటికీలో పెట్టకూడదు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, నీడపట్టున ఉంచాలి.